బీఎడ్ తర్వాత బతుకుబాట: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బీఎడ్ చదివినవాళ్ల ఇంటికి పండక్కి చుట్టాలొస్తే కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "డీఎస్సీ ఎప్పుడంట?" మన అపోహల్లో సగం ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. బీఎడ్ అంటే డీఎస్సీ, అంటే సర్కారీ టీచర్ల నియామక పరీక్ష. అది కొడితే ఇక జీవితంలో చూసుకోవాల్సింది ఏమీ లేదు, కొట్టకపోతే పట్టా అటకెక్కినట్టే. ముప్పై అయిదేళ్లు సాగే వృత్తిని ఇలా ఒక్క నోటిఫికేషన్‌కి కట్టిపడేశాం.

అపోహ: బీఎడ్ ఉంటే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరికైనా చెప్పొచ్చు.

వాస్తవం: కొంతకాలం ఇది నిజమే. ఒకటి నుంచి అయిదు తరగతులకు బీఎడ్ వాళ్లూ అర్హులేనని 2018 జూన్‌లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) ప్రకటించింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. పసిపిల్లలకు అక్షరం, అంకె నేర్పడం వేరే విద్య, దానికి డీఎడ్ శిక్షణ పొందినవాళ్లే కావాలన్నది ఆ తీర్పు సారం. అయినా 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక బడుల ఎస్జీటీ పోస్టులకు బీఎడ్ వాళ్లనూ అనుమతిస్తూ డీఎస్సీ ప్రకటన ఇచ్చింది, హైకోర్టు ఆపింది. తీర్పుకు ముందే ఉద్యోగంలో చేరినవాళ్లకు ఢోకా లేదు గానీ, వాళ్లు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి.

దీని దెబ్బ ఎంతో తెలియాలంటే తెలంగాణ 2024 డీఎస్సీ లెక్క చూడండి. మొత్తం 11,062 పోస్టుల్లో ఎస్జీటీలు 6,508. బీఎడ్ వాళ్లు పోటీపడగల స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629 మాత్రమే. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో డెబ్బై శాతం కిందినుంచి ప్రమోషన్ల మీద నింపుతారు, ముప్పై శాతమే నేరుగా భర్తీ చేస్తారు. ఆ ముప్పైని జిల్లా, మీడియం, సబ్జెక్టు, రిజర్వేషన్ వారీగా పంచితే కొన్ని జిల్లాల్లో కొన్ని సబ్జెక్టులకు మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ ఏ ఊళ్లో ఉందో చూసుకునే శ్రద్ధలో పావు వంతు ఈ లెక్క మీద పెట్టేవాళ్లు తక్కువ. అదే నోటిఫికేషన్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే టీచర్ పోస్టులు 1,016 ఉన్నాయి. ప్రతి బడిలో ఇలాంటి టీచర్లు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పాక తెరుచుకున్న దారి ఇది. స్పెషల్ బీఎడ్ అనే కోర్సు ఉందని ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు.

అపోహ: డీఎస్సీ రాకపోతే బీఎడ్ దండగ.

వాస్తవం: ముందు డీఎస్సీ రాకడ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చాక మళ్లీ పరీక్ష జరిగింది 2024లో. రెండు చోట్లా ఏడేసి సంవత్సరాలు. ఇరవై నాలుగేళ్లకు బీఎడ్ పూర్తి చేసినవాళ్లకు ముప్పై ఒకటి వచ్చేస్తాయి. ఈ మధ్యకాలంలో వాళ్లు ఏం చేశారన్నదే అసలు కథ. ఎవరూ అడగరు.

చాలామంది ప్రైవేటు బడిలో చేరతారు. చేరిన కొత్తలో రోజుకు ఏడు పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్, వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్ల వేట. నాలుగైదేళ్లకు ఒకరు సబ్జెక్ట్ ఇన్‌చార్జ్ అవుతారు, ఇంకొకరు అకడమిక్ కోఆర్డినేటర్. కార్పొరేట్ విద్యాసంస్థల్లో అయితే డీన్ అనే హోదా కూడా దొరుకుతుంది, పాఠం చెప్పడం తగ్గి ర్యాంకుల లెక్కలు చూడడం పెరుగుతుంది. కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయలకు కేంద్ర టీచర్ అర్హత పరీక్ష సీటెట్ రాసి వెళ్లేవాళ్లున్నారు. గురుకులాలున్నాయి, తెలంగాణలో 2023లో ఒక్కసారే 9,210 గురుకుల పోస్టులకు ప్రకటనలు వచ్చాయి. పాఠ్యాంశాలు రాసే పని, స్వచ్ఛంద సంస్థల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చే పని, ఆన్‌లైన్ క్లాసులు కూడా బీఎడ్ వాళ్లను పోషిస్తున్నాయి. అయితే ఆన్‌లైన్ చదువులు బంగారు గుడ్లు పెడతాయని నమ్మి ఉన్న ఉద్యోగం వదిలినవాళ్లకు 2024 జూలైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాక తత్వం బోధపడింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చేదుగా ఉన్నా. ప్రైవేటు బడిలో పదేళ్లు చెప్పినా డీఎస్సీలో ఆ అనుభవానికి ఒక్క మార్కు రాదు. మెరిట్ జాబితాలో రాతపరీక్షకు 80 శాతం, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం, అంతే. అందుకే కొందరు బడి మానేసి అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గది తీసుకుని కోచింగ్‌లో కూర్చుంటారు. ఒక ఏడాది కూర్చుంటే తప్పులేదు. "ఇంకో ఆర్నెల్లలో పడుతుందట" అన్న మాట మీద అయిదేళ్లు కూర్చోవడమే ప్రమాదం. 1998 డీఎస్సీలో అర్హత సాధించి పోస్టు దక్కని వాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మినిమం టైమ్ స్కేల్ మీద ఉద్యోగాలిచ్చారు. పాతికేళ్ల నిరీక్షణ! కొందరికి రిటైర్మెంట్ గుమ్మంలో ఉండగా మొదటి నియామక పత్రం అందింది. దాన్ని ఓర్పుకు దక్కిన ఫలమని పొగిడినవాళ్లను చూశాను. నాకైతే అది వ్యవస్థ చేసిన అన్యాయంగానే కనిపిస్తుంది.

అపోహ: టీచర్‌గా చేరితే టీచర్‌గానే దిగిపోవాలి, ఎదుగుదల ఉండదు.

వాస్తవం: మెట్లున్నాయి. ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్, గెజిటెడ్ హెడ్మాస్టర్, మండల విద్యాధికారి (ఎంఈఓ), డిప్యూటీ ఈఓ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మూలవేతనం 32,670 రూపాయల దగ్గర మొదలైతే స్కూల్ అసిస్టెంట్‌ది 44,570, హెడ్మాస్టర్‌ది 54,060. హోదాలో ఇంకో తేడా కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు హైస్కూలు స్థాయి, ఆపైన పనిచేసేవాళ్లకే. ప్రాథమిక బడిలో ఇరవై ఏళ్లు చాక్‌పీసు అరగదీసిన ఎస్జీటీకి ఆ ఓటు లేదు.

మెట్లున్నంత మాత్రాన ఎక్కడం తేలిక కాదు. పంచాయతీరాజ్ టీచర్లకు, ప్రభుత్వ టీచర్లకు ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలన్న వివాదం 1998 నుంచీ కోర్టుల చుట్టూ తిరిగింది. దాంతో ఎంఈఓ, డిప్యూటీ ఈఓ కుర్చీల్లో ఏళ్ల తరబడి ఇన్‌చార్జిలే కూర్చున్నారు. తెలంగాణలో పేరుకుపోయిన ప్రమోషన్లు 2024లో ఒక్క ఊపున వేల సంఖ్యలో కదిలాయి. అప్పటికి ఎంతోమంది ఎస్జీటీలుగానే రిటైరైపోయారు.

ఇక ప్రమోషన్ వచ్చినా వద్దని రాసిచ్చేవాళ్లు ఉన్నారంటే బయటివాళ్లు నమ్మరు. పోస్టు మారకపోయినా 6, 12, 18, 24 ఏళ్లకు స్కేలు మారుతుంది కాబట్టి సర్వీసు పెరిగాక ప్రమోషన్‌తో చేతికొచ్చేది అంతంతమాత్రం కావచ్చు. పైగా మారుమూల మండలానికి పోస్టింగ్, ఇంటర్ చదివే కూతురు, మంచంపట్టిన అత్తగారు. ఇవన్నీ కూడికలు తీసివేతలు వేసుకుని వెబ్ ఆప్షన్ల పేజీ మూసేస్తారు. హెడ్మాస్టర్ కుర్చీ అందరికీ సరిపడదు కూడా. లెక్కలు గొప్పగా చెప్పే సారు జీఓటీ, ఈఓటీ అనే శాఖాపరమైన పరీక్షలు పాసై హెచ్ఎం అయ్యాడనుకోండి. పొద్దున్నే మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టాలి, యాప్‌లో హాజరు ఎక్కలేదంటూ వచ్చే ఫోన్లకు జవాబివ్వాలి, యూడైస్ వివరాలు సరిచూడాలి, టీసీ కోసం వచ్చిన తండ్రితో మాట్లాడాలి. సైన్ థీటా కోసం మిగిలేది ఏ మధ్యాహ్నమో ఒక్క పీరియడ్. కొందరికి ఈ పనిలోనే కొత్త హుషారు వస్తుంది. కొందరు మాత్రం తరగతి గదిని పోగొట్టుకున్నామని లోలోపల కుమిలిపోతారు. ఈ రెండో రకం వాళ్లకు ఎస్‌సీఈఆర్‌టీలో పాఠ్యపుస్తక రచన, డైట్‌లో డిప్యుటేషన్, శిక్షణ తరగతుల్లో రిసోర్స్ పర్సన్ బాధ్యత లాంటివి ప్రమోషన్ కంటే ఎక్కువ తృప్తినిస్తాయి.

అపోహ: అయిదారేళ్లలో నేర్చుకోవాల్సింది అయిపోతుంది, తర్వాతంతా పాత నోట్సే.

వాస్తవం: అలాంటివాళ్లు ప్రతి స్టాఫ్ రూమ్‌లో ఒకరుంటారు, కాదనను. కానీ అందరి మీదా ఆ ముద్ర వేయడం తప్పు. ఆరో తరగతి పిల్లవాడు ½ + ⅓ = 2/5 అని రాశాడు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న బీఎడ్ విద్యార్థి అయితే ఎర్ర పెన్నుతో కొట్టేసి క.సా.గు. పద్ధతి మళ్లీ మొదటినుంచి బోర్డు మీద చేసి చూపిస్తాడు. పదిహేనేళ్లు చెప్పిన టీచరమ్మ ముందు పిల్లవాడి ఆలోచన పట్టుకుంటుంది: పైవి పైకి, కిందివి కిందికి కలిపేశాడు. "రెండు బై అయిదు సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడుగుతుంది. తక్కువ అంటాడు. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంట్రా?" వాడు బుర్ర గోక్కుంటాడు. పాఠం అక్కడ మొదలవుతుంది. ఇది ఏ లెసన్ ప్లాన్‌లోనూ రాసి ఉండదు. అదే తప్పు ఏళ్ల తరబడి పిల్లల నోటు పుస్తకాల్లో చూస్తే తప్ప అబ్బదు.

మైకేల్ హ్యూబర్‌మన్ అనే పరిశోధకుడు స్విట్జర్లాండ్‌లో 160 మంది హైస్కూలు ఉపాధ్యాయుల వృత్తి జీవితాలను పరిశీలించి 1989లో పుస్తకం వేశాడు. మొదటి రెండు మూడేళ్లు నెట్టుకురావడం, ఆ తర్వాత నిలదొక్కుకోవడం, నడివయసులో ప్రయోగాలు లేదా "ఇదే నా బతుకా" అన్న మథనం, చివర్లో నెమ్మది. ఈ వరసలోనే అందరూ నడుస్తారని ఆయన కూడా అనలేదు. ఆయన గమనించిన ఒక విషయం మాత్రం మన మీటింగులకూ, సంస్కరణల వర్క్‌షాపులకూ అదేపనిగా తిరిగే మాస్టర్లకు ముల్లులా గుచ్చుకుంటుంది. సొంత తరగతి గదిలో చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ వచ్చినవాళ్లు చివరిదాకా తృప్తిగా ఉన్నారు. బడినంతా మార్చే పెద్ద పథకాల్లో మునిగినవాళ్లలో నిరాశ ఎక్కువ.

అపోహ: ఆడపిల్లకు హాయైన ఉద్యోగం, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు.

వాస్తవం: ఈ మాట అనేవాళ్లెవరూ ఎన్నికల డ్యూటీలో రాత్రి పోలింగ్ కేంద్రంలో పడుకుని ఉండరు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దంటూనే జనగణన, విపత్తు సాయం, ఎన్నికలను మినహాయించింది. వాటి పైన పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. అంతకంటే చెప్పడం దండగ.

అపోహ: ఉద్యోగం వచ్చాక ఇక పరీక్షలు రాయనక్కర్లేదు.

వాస్తవం: 2010 ఆగస్టులో టెట్ తప్పనిసరి చేసినప్పుడు అంతకుముందే చేరినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ నిశ్చింత పోయింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పేవాళ్లలో రిటైర్మెంట్‌కు ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. అయిదేళ్లలోపు మిగిలినవారు రాయకుండా రిటైర్ కావచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే మాత్రం రాయాల్సిందే. పాతికేళ్ల సర్వీసున్న టీచరు తన పూర్వ విద్యార్థి పక్క సీట్లో కూర్చుని అదే ప్రశ్నపత్రం రాసే పరిస్థితి. ఇది న్యాయమా అన్న వాదన తేలేలోగా సిలబస్ తెప్పించుకోవడం మంచిది. ఒక ఊరట ఏమిటంటే, టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు ఏడేళ్ల గడువు లేదు, జీవితకాలం చెల్లుతుంది.

అపోహ: పెళ్లయి విదేశం వెళ్తే బీఎడ్ ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది, కానీ ఉన్నదున్నట్టుగా కాదు. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులు బీఎడ్‌ను అడిగి మరీ తీసుకుంటాయి, సర్టిఫికెట్ల అటెస్టేషన్ పూర్తిచేసుకుని వెళ్లాలి. అమెరికాలో ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానిదే. మన డిగ్రీని అక్కడి లెక్కకు మదింపు చేయించి, లోటున్న కోర్సులు, పరీక్షలు పూర్తిచేస్తే తప్ప పక్కా టీచర్ కాలేరు. ఇంగ్లండ్‌లో 2023 ఫిబ్రవరి నుంచి భారతీయ ఉపాధ్యాయులు కూడా అక్కడి అర్హత హోదా కోసం నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే మన దేశం నుంచి 11–16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు, భాషలు బోధించే అర్హత ఉన్నవారికే ఆ అవకాశం. సోషల్ మెథడాలజీ వాళ్లు ఆ వరసలో లేరు.