నల్లహంస గళం

మార్కాపురం పలకమీద ఓనమాలు దిద్దినవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. అటువంటి పలకరాయియే పొడియై మరొక నల్లని బిళ్లలో చేరినదన్న సంగతి కొందరికే తెలియును. నిమిషానికి 78 చుట్లు తిరిగే నాటి గ్రామఫోను రికార్డును లక్కతోను, పలకరాయి వంటి శిలల పొడితోను తయారుచేసేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో అధికభాగం మన దేశంనుండియే పోయెడిది. పలకమీది గీత తడిగుడ్డకు చెరిగిపోవును. రికార్డుమీది గీత మనిషి కంఠాన్ని దాచును. అయితే ఎవరి కంఠాన్ని దాచవలెనో నిర్ణయించినవి కంపెనీలే.

అమెరికాలో పెద్ద కంపెనీలు చాలకాలం నల్లజాతి గాయకులకు అరుదుగానే చోటిచ్చినవి. 1920లో ఓకే కంపెనీకి మేమీ స్మిత్ పాడిన రికార్డు విరివిగా అమ్ముడుపోగా, వినగోరేవారు ఉన్నారని తేలినది. మరుసటి ఏడు హ్యారీ పేస్ అనే నల్లజాతీయుడు న్యూయార్కులోని హార్లెంలో సొంత కంపెనీ స్థాపించి, తన రికార్డులకు ‘బ్లాక్ స్వాన్’, అనగా నల్లహంస, అని పేరు పెట్టినాడు. బానిసగా పుట్టి, 1854లో విక్టోరియా రాణి ఎదుట పాడిన ఎలిజబెత్ గ్రీన్‌ఫీల్డుకు ఉన్న బిరుదమది. ఫ్లెచర్ హెండర్సన్ సంగీత బాధ్యత వహించినాడు. ఎథెల్ వాటర్స్ పాటలు కంపెనీని నిలబెట్టినవి.

పాడేవారందరూ నల్లజాతివారేనని కంపెనీ ప్రకటించుకొన్నది. కాని 1922లో ఒలింపిక్ సంస్థ కర్మాగారం చేతికి వచ్చిన పిమ్మట, అక్కడి తెల్లవారి పాటలు కొన్నింటిని మారుపేర్లతో విడుదల చేసినది. ఏ మాటమీద నిలిచినదో ఆ మాటే తప్పినది. ఇంతలో పెద్ద కంపెనీలు పోటీకి దిగినవి, రేడియో వ్యాపించినది. 1923 డిసెంబరులో కంపెనీ దివాలా తీసినది. 1924లో దాని రికార్డులు పారమౌంట్ వశమైనవి. అయినను, నల్లజాతి గాయకులకు తెరచిన తలుపు మరల మూతపడలేదు.

మనవైపు 1933-34లో హచ్చిన్స్ కంపెనీ సాలూరి రాజేశ్వరరావు అనే బాలుని కంఠాన్ని రికార్డు చేసినది. హచ్చిన్స్ పేరు నేడెందరికి తెలియును? సాలూరి పేరు తెలియనివారెవరు?

గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలలో ఏ యింటి అటకమీదనైన నాటి రికార్డు దొరికినచో, విద్యార్థులు దానిమీది కంపెనీ పేరును, పాడినవారి పేరును వ్రాసి ఉంచుట మంచిది. చేయి జారినచో అదియు పలకవలెనే పగులును.