దీపంగా పుట్టిన సెన్సర్

డాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. రెండు రోజులుండి ఆరిపోతుంది. తీరా షెడ్డుకు తీసుకెళితే లైటు ఉండదు, మెకానిక్ మన మొహం చూస్తాడు. ఈ దోబూచులాటలో తరచూ అనుమానానికి గురయ్యేది పొగగొట్టంలో బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్. అసలు దాని పుట్టుకే దీపంగా జరిగింది.

1890ల చివర్లో జర్మనీలోని గోటింగెన్‌లో వాల్తర్ నెర్న్‌స్ట్ అనే శాస్త్రవేత్త జిర్కోనియా కడ్డీతో విద్యుద్దీపం చేశాడు. పింగాణీ జాతికి చెందిన ఈ పదార్థం చల్లగా ఉంటే కరెంటును పోనివ్వదు. బాగా కాగితే అందులోని ఆక్సిజన్ అయాన్లు కదిలి కరెంటును మోస్తాయి. కాబట్టి స్విచ్చి వేయగానే వెలిగే దీపం కాదది, ముందు కడ్డీని వేడెక్కించాలి. లోహపు ఫిలమెంట్ బల్బులు వచ్చాక అది మూలపడింది.

జిర్కోనియాకు మరో గుణం ఉంది. దాని గోడకు ఒకవైపు ఆక్సిజన్ ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటే వోల్టేజి పుడుతుంది. అది ఎంతో చెప్పే సూత్రమూ నెర్న్‌స్ట్‌దే, 1889 నాటిది.

లాస్ ఏంజెలస్‌ను పొగమంచు కమ్మేసి, కాలిఫోర్నియా కార్ల పొగ మీద ఆంక్షలు బిగించాక ఈ గుణం అక్కరకొచ్చింది. మూడు రకాల విషవాయువులను ఒకేసారి శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి అందాలి. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌కు అంత నిక్కచ్చి ఎక్కడిది! బాష్ కంపెనీ జిర్కోనియా సెన్సర్‌ను తయారుచేస్తే, 1976లో వోల్వో దాన్ని అమెరికాకు పంపే కార్లలో పెట్టింది. పెట్రోలు పాలు పెరిగితే 0.9 వోల్టులు, గాలి పాలు పెరిగితే 0.1 వోల్టు. ఆ అంకెను చూసుకుంటూ కంప్యూటర్ ఇంధనాన్ని క్షణక్షణం సర్దుతుంది.

పాత దీపం బలహీనత మాత్రం వెంటే వచ్చింది. దాదాపు 300 డిగ్రీలు దాటితేగాని సెన్సర్ నోరు విప్పదు. మొదట్లో పొగ వేడే దిక్కు. 1980లలో లోపలే ఒక హీటర్ పెట్టారు. నా లెక్కలో ఇప్పటి తలనొప్పులు చాలావరకు అక్కడ మొదలయ్యాయి. హీటర్ తీగకు సన్నని పగులు వస్తే, చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, కాగాక విడిపోవచ్చు. పొగగొట్టం సెగకు కనెక్టర్ వదులైనా, వైరు తొడుగు కరిగినా ఇదే వరస.

లైటు రాకపోకలకూ ఒక నియమం ఉంది. ఇలాంటి లోపం సాధారణంగా వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తే లైటు వెలుగుతుంది, మూడు ప్రయాణాల్లో కనిపించకపోతే ఆరుతుంది. లైటు ఆరినా ఆ లోపాన్ని సూచించే కోడ్ కంప్యూటర్ మెమరీలో కొన్నాళ్లు నిలిచే ఉంటుంది. లోపం పట్టుబడ్డ క్షణాన ఇంజిన్ వేడి ఎంతో, వేగం ఎంతో కూడా దాని పక్కనే నమోదై ఉంటుంది. మంచి మెకానిక్ ముందు చూసేది దాన్నే.

స్కానర్ ‘పీ0135’ అని చూపిందనుకోండి. హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని దాని అర్థం. సెన్సర్ పోయిందని కాదు. సర్క్యూట్ అంటే ఫ్యూజు, వైర్లు, కనెక్టర్ కూడా. కోడ్ చూడగానే సెన్సర్ మార్చేయడం వైద్యం కాదు, జూదం. ఫ్యూజు చూసి, మల్టీమీటర్‌తో హీటర్ రెసిస్టెన్స్‌ను చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలవాలి. ఇంజిన్ నడుస్తుండగా స్కానర్ మీద కన్నేసి వైర్లను మెల్లగా కదపాలి. సెన్సర్‌కు ముందు పొగగొట్టం లీకైతే బయటి గాలి లోపలికి వస్తుంది. అప్పుడు సెన్సర్ గాలి ఎక్కువైందని నిజమే చెబుతుంది, నింద మోసేదీ అదే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ సెన్సరూ, ఈ లైటూ మన స్కూటర్లకూ, బైకులకూ చేరాయి. లైటు ఆరింది కదా అని కోడ్ చెరిపించేయకండి, ముందు కాగితం మీద రాయించుకోండి. ఆగి ఆగి కనిపించే లైటుతో షెడ్డుదాకా వెళ్లొచ్చు. కారులో అదే లైటు టపటపా కొట్టుకుంటుంటే మాత్రం సిలిండర్‌లో మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతోందన్నమాట. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపండి.