టైమ్‌టేబుల్‌కి బస్సు టైమ్ తెలుసా?

సెమిస్టర్ మొదలైతే చాలు, డిగ్రీ కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ‘ఇవాళ ఎకనామిక్స్ ఏ రూమ్‌లో?’, ‘అక్కడ బీకాం వాళ్లు కూర్చున్నారు కదా!’ కొత్త టైమ్‌టేబుల్ ఫొటో వస్తుంది. మర్నాడు దాని మీదే ఎర్ర పెన్నుతో దిద్దిన ఇంకో ఫొటో. సార్లు సరిగ్గా చూసుకోలేదని అనేసుకుంటాం. కోడ్ రాసుకుని బతికే నాలాంటివాళ్లని అడిగితే మాత్రం, కంప్యూటర్ సైన్స్‌లో మొండి లెక్కల్లో ఇదొకటి అంటాం.

జహీరాబాద్‌నే తీసుకోండి. తెలుగు, ఉర్దూతోపాటు కన్నడ కూడా వినబడే సరిహద్దు పట్టణం. కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి వైపు ఊళ్ల నుంచి పిల్లలు చదువుకి వస్తారు. ఇలాంటి ఊళ్లో ఓ కాలేజీని ఊహించుకుని లెక్క వేద్దాం. 14 సెక్షన్లు, 10 గదులు. సెక్షన్‌కి వారానికి 28 పీరియడ్లు అంటే మొత్తం 392. గదులేమో రోజుకి ఆరు పీరియడ్ల చొప్పున ఆరు రోజులకి 360 మాత్రమే ఇస్తాయి. 32 పీరియడ్లకి చోటే లేదు! ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఇది తేలదు. అయితే ఎనిమిది సైన్స్ సెక్షన్లు ఆరేసి పీరియడ్లు ల్యాబ్‌లో ఉంటే 48 తగ్గుతాయి. 344. హమ్మయ్య, పట్టింది. మిగిలిన ఖాళీలు 16. సర్దుబాట్లన్నీ ఆ పదహారులోనే.

అసలు తంటా సెకండ్ లాంగ్వేజ్‌తో. ఒకే సెక్షన్‌లో కొందరిది తెలుగు, కొందరిది హిందీ, కొందరిది ఉర్దూ. ఫస్టియర్ ఐదు సెక్షన్లకీ ఆ పీరియడ్ వేర్వేరు టైముల్లో పెడితే ప్రతి సెక్షన్ మూడు గదుల్లోకి చీలుతుంది. ఐదుమూళ్లు పదిహేను. అదే అందరికీ ఒకే టైమ్‌లో పెట్టారనుకోండి, వాళ్ల ఐదు గదుల్లోనే అన్నీ సర్దుకుంటాయి. ఉర్దూ సార్ ఐదుసార్లు చెప్పాల్సిన పాఠం ఒక్కసారితో అయిపోతుంది. (తెలుగుకి లెక్చరర్లు సరిపోకపోతే పెద్ద హాలు కావాలి. అది మళ్లీ వేరే గొడవ.)

దీన్నే 1967లో వెల్ష్, పావెల్ అనే ఇద్దరు రంగుల లెక్కగా చూపించారు. ఒక్కో క్లాసు ఒక్కో చుక్క. రెండు క్లాసులకి ఒకే లెక్చరరో, ఒకే స్టూడెంటో ఉంటే వాటి మధ్య గీత. గీత ఉన్న చుక్కలకి ఒకే రంగు పడకూడదు. రంగు అంటే టైమ్. ఎక్కువ గీతలున్న చుక్కకి ముందు రంగు వెయ్యమన్నది వాళ్ల చిట్కా. అంటే లాంగ్వేజీలు, ల్యాబ్‌లు, కొన్ని రోజులే వచ్చే గెస్ట్ లెక్చరర్లు ముందు, మామూలు క్లాసులు తర్వాత. 1972లో రిచర్డ్ కార్ప్ ఈ రంగుల లెక్క ఎంత కష్టమో నిరూపించాడు. ఎంత పెద్ద లెక్కకైనా అతి తక్కువ రంగుల జవాబుని త్వరగా ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. మన దగ్గర 2021లో బకెట్ విధానం వచ్చి, ఆర్ట్స్, సైన్స్, కామర్స్ సబ్జెక్టులు కలిపి తీసుకునే వీలు కలిగింది. చదివేవాళ్లకి మంచిదే, కానీ చుక్కల మధ్య గీతలు పెరిగాయి.

ఎఫ్‌ఈటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ చిక్కుముళ్లు చాలావరకు విప్పుతుంది. దానికి తెలియనిది ఒకటుంది: పల్లెవెలుగు బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి అమ్మాయిలకి టికెట్ ఉచితమే, కానీ బస్సు మన పీరియడ్ అయ్యేదాకా ఆగదు కదా. సాయంత్రం బస్సు తప్పితే చీకటిపడేదాకా బస్టాండే. అందుకే ఆఖరి పీరియడ్ వదిలేసి వెళ్లిపోతారు. సెమిస్టర్ చివర్లో 75 శాతం హాజరు దగ్గర దొరికిపోతారు. గదుల క్లాష్ నోటీసు బోర్డులో కనిపిస్తుంది, ఈ క్లాష్ కనిపించదు. నన్నడిగితే ఇదే పెద్దది.

సీఆర్‌లు ఒక గూగుల్ ఫామ్ పెట్టండి. ఊరు, పొద్దున బస్సు ఎన్నింటికి దిగుతారు, సాయంత్రం బస్సు ఎన్నింటికి, సెకండ్ లాంగ్వేజ్ ఏది. నాలుగే గడులు. టైమ్‌టేబుల్ వెయ్యకముందే ఆ షీట్ ఇన్‌ఛార్జ్ సార్ చేతికి అందాలి. ఫొటో గ్రూప్‌లోకి వచ్చాక ఇస్తే, ఆయన దగ్గర జరపడానికి ఉండేవి ఆ 16 ఖాళీలే.