గుమ్మపాలు బలమేనా? ఆరోగ్యంగా కనిపించే గేదె పాలలోనూ బ్రూసెల్లా.. వదలని జ్వరానికి ఇదే కారణం కావొచ్చు!

పొదుగు దగ్గర పితికిన పాలను నురగ తగ్గకముందే గటగటా తాగేయడం పల్లెల్లో చాలామందికి అలవాటు. గుమ్మపాలు బలమని పెద్దలు చెబుతుంటారు. ఇక డెంగీ సీజన్ వస్తే మేకపాలకు ఎక్కడలేని గిరాకీ. కాచితే గుణం పోతుందని పచ్చివే తాగేవాళ్లూ ఉన్నారు. మేకపాలతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయనడానికి గట్టి ఆధారాల్లేవు, అది వేరే సంగతి. కానీ ఆ పచ్చి పాలలో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే మాత్రం కొత్త జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

ఇదేం కొత్త క్రిమి కాదు. 1887లో మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను జ్వరాలు పీడిస్తున్నప్పుడు డేవిడ్ బ్రూస్ అనే ఆర్మీ డాక్టర్ దీన్ని కనిపెట్టారు. అది ఎక్కడి నుంచి వస్తోందో తేలడానికి మాత్రం 1905 దాకా పట్టింది. తీరా చూస్తే మేకపాలు! ఆ మేకలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి మరి.

మన పశువులతోనూ చిక్కు అక్కడే. ఈ జబ్బు సోకిన ఆవు, గేదె చూడి చివరి నెలల్లో ఈసుకుపోతాయి. మాయ సరిగా పడదు. అయితే చాలా పశువులు ఒక్కసారే ఈసుకుపోతాయి. తర్వాతి ఈతలో దూడ బాగానే పుడుతుంది. గండం గడిచిందని రైతు అనుకుంటాడు. బ్యాక్టీరియా మాత్రం పొదుగులో తిష్ట వేసి, ఏళ్ల తరబడి పాలలోకి వస్తూనే ఉండొచ్చు. ఆ పాల రంగు మారదు, వాసన మారదు, రుచీ మారదు.

మనుషుల్లో వచ్చి పోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు కనిపిస్తాయి. మగవాళ్లలో వృషణాలు వాయొచ్చు. ఇవి వారంలోనే బయటపడొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. అందుకే పాల మీద ఎవరికీ అనుమానం రాదు. టైఫాయిడ్ అనో, మలేరియా అనో మందులు వాడేస్తారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. గుర్తిస్తే నయమయ్యే జబ్బే. కాకపోతే సాధారణంగా రెండు రకాల యాంటీబయాటిక్స్ కనీసం ఆరు వారాలు వాడాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. కాబట్టి జ్వరం వదలకపోతే ఇంట్లో పశువులున్నాయనో, పచ్చి పాలు తాగాననో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

పాశ్చరైజేషన్‌లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితేనే బ్రూసెల్లా చస్తుంది. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాచితే ఇంకేం భయం లేదు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం చావదు.

పాడి రైతులకు పాలు కాచుకున్నంత మాత్రాన సరిపోదు. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీస్తే చిన్న గీతలోంచి కూడా క్రిమి ఒంట్లోకి వెళ్తుంది. గ్లౌజులు వేసుకోవాలి. వాటిని కుక్కలకు పడేయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

దీనికి టీకా కూడా ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తారు. 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకు, జీవితంలో ఒక్కసారే. మగ దూడలకు, చూడి పశువులకు వేయరు. మీ పెయ్యకు ఎన్ని నెలలో లెక్క చూసుకుని, 8 నెలలు దాటకముందే పశువుల ఆస్పత్రిలో అడగండి.