వాసన లేని విషవాయువును పసిగట్టే తగరం

అనంతపురం జిల్లా తాడిపత్రి వద్ద ఒక ఉక్కు కర్మాగారంలో 2018 జూలై 12న కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడి ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పీల్చిన మనిషికి తల తిరుగుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. ప్రమాదమని తెలిసేసరికి బయటికి నడిచి వచ్చే శక్తి ఉండదు.

ముక్కుకు అందని ఇటువంటి వాయువులను పట్టే సాధనాన్ని ఇంటింటి వాడకానికి తెచ్చినవాడు జపాన్ దేశస్థుడు నవొయోషి టగూచి. వంటగ్యాసు వాడకంతోపాటు అక్కడి ఇళ్లలో పేలుళ్లు కూడా పెరిగిన రోజులవి. తగరపు ఆక్సైడుతో చేసిన సాధనానికి ఆయన 1962లో పేటెంటు కోరారు. అదే ఏడు క్యూషూ విశ్వవిద్యాలయంలో సెయియామా బృందం జింకు ఆక్సైడుతో ఇటువంటి ఫలితమే చూపింది. టగూచి సాధనం 1968లో బజారుకు వచ్చింది.

తగరం మన పల్లెలకు కొత్తది కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కిలుమెక్కకుండా కళాయి వేసేది దానితోనే. ఆ తగరం ప్రాణవాయువుతో కలిస్తే తెల్లని పొడి అవుతుంది. ఆ పొడిని చిన్న పూసగా చేసి, కరెంటుతో మూడు నాలుగు వందల డిగ్రీల వరకు వేడి చేస్తారు. గాలిలోని ప్రాణవాయువు ఆ రేణువులకు అంటుకొని కరెంటు పారకుండా అడ్డుపడుతుంది. వంటగ్యాసో, కార్బన్ మోనాక్సైడో తగిలితే అంటుకొని ఉన్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. అడ్డు తొలగి కరెంటు పెరుగుతుంది, గంట మోగుతుంది. రవ్వంత పల్లాడియం కలిపితే మరింత చురుకుగా పనిచేస్తుంది. సారా ఆవిరి తగిలినా ఇది మోగుతుందన్నది వేరే విషయం!

వంటగ్యాసు గాలికంటె బరువు. అందుచేత ఇంట్లో దీనిని నేలకు దగ్గరగా బిగించాలి.

బావి సంగతి వేరు

కరువు సీమ రైతుకు పాడుబావి మరో గండం. నీరు అడుగంటిన బావిలో ఆకులలములు కుళ్లి ప్రాణవాయువు తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. అది మండే వాయువు కాదు కనుక తగరపు పూసకు సరిగా చిక్కదు. అక్కడ ప్రాణవాయువును కొలిచే సాధనం కావాలి. అది లేని చోట తాడుకు లాంతరు కట్టి దింపి చూడడం పెద్దల నాటి పద్ధతి. దీపం ఆరితే దిగరాదు. అయితే ఆరలేదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. బావిలో ఆయిల్ ఇంజను నడిచి ఉంటే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి దీపం ఆరదు. మురుగు కుళ్లి మండే వాయువు పుట్టిన చోట దీపమే ముప్పు తెస్తుంది.

ఒకడు పడిపోగానే వాణ్ణి కాపాడాలని రెండవవాడు పరుగున దిగుతాడు. రెండో ప్రాణం పోయేది అక్కడే. పూడిక తీయడానికైనా, మోటరు బాగుచేయడానికైనా, దిగే మనిషి నడుముకు ముందుగానే తాడు కట్టాలి. పైన ఉన్న ఇద్దరు దిగకుండానే అతన్ని లాగగలగాలి. అగ్నిమాపక దళం ఫోను నంబరు 101.