అక్టోబర్‌లో కత్తెర, మార్చి దాకా గుబులు
నాసిక్‌లో ఎకరం, రెండెకరాల ద్రాక్ష రైతు ఏడాది కష్టాన్ని తేల్చేది ఆకాశమే

అక్టోబర్ వచ్చిందంటే నాసిక్ జిల్లా నిఫాడ్, దిండోరి తాలూకాల్లో ద్రాక్ష రైతుకు కంటి మీద కునుకుండదు. కత్తిరింపు ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే బెంగ. వారం ముందు కత్తెర వేస్తే, వెనుదిరిగే రుతుపవనాల వానకు లేత చిగురు చిక్కుతుంది. ఆలస్యం చేస్తే కాయ ఎదిగే వేళకు చలి ముదురుతుంది. పైగా మార్చిలో అందరి సరుకూ ఒక్కసారే మార్కెట్ మీద పడి ధర దిగిపోతుంది.

చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. నాసిక్‌లో ఆ నిద్ర లేదు. కత్తెరే దానికి రుతువు. ఏడాదికి రెండు కత్తిరింపులు, పంట మాత్రం ఒక్కటే. ఏప్రిల్‌లో వేసేది కొమ్మ కోసం, అక్టోబర్‌లో వేసేది కాయ కోసం. (హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఇ-షాహి తోటలు విరివిగా ఉన్న రోజుల్లో అక్కడా ఇదే పద్ధతి.) ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు రెండు నెలల్లో మొగ్గ లోపల గుత్తి రూపు కడుతుంది. ఆ రోజుల్లో మబ్బు పట్టి ఎండ తగ్గితే గుత్తులూ తగ్గుతాయి. ఆ సంగతి బయటపడేది మాత్రం అక్టోబర్ చిగురు విచ్చుకున్నాకే.

అసలు గండం అప్పుడే మొదలవుతుంది. ఆకు తడి ఆరకపోతే బూజు తెగులు చకచకా పాకుతుంది. పూత మీద వాన పడితే గుత్తి కుళ్లి రాలిపోతుంది. మందు కొడదామంటే బురదలో ట్రాక్టరు దిగబడుతుంది. అదే పనిగా కొడితే కాయలో అవశేషాలు మిగిలి యూరప్ ఎగుమతికి దారి మూసుకుంటుంది. 2009 నవంబర్‌లో ఫయాన్ తుపాను, 2019లో క్యార్, మహా తుపాన్ల నాటి అకాల వర్షాలు జిల్లా రైతులను ఇలాగే దెబ్బతీశాయి. ముందస్తు పంటకు మంచి ధర వస్తుందని వానాకాలంలోనే కత్తెర పట్టే బాగ్లాణ్ తాలూకా 2019లో మరీ నష్టపోయింది.

వాన గడిస్తే చలి. డిసెంబర్, జనవరిల్లో నిఫాడ్‌లో ఉష్ణోగ్రత ఒక్కోసారి 5 డిగ్రీల లోపుకు పడిపోతుంది. కాయ ఎదుగుదల ఆగుతుంది. తెల్లరకమైన థామ్సన్ సీడ్‌లెస్ గులాబీ రంగుకు తిరుగుతుంది. రుచికేమీ లోటు లేకున్నా ఎగుమతిదారు వద్దంటాడు. అందుకే తెల్లవారుజామున తోటలో మంటలు వేస్తారు, నీళ్లు పెడతారు, గుత్తులకు కాగితాలు చుడతారు. ఇంతా చేసి కోత ముందు వాన పడితే పండు పగులుతుంది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్రను కుదిపేసిన వడగళ్లకైతే ఏ ఉపాయమూ పనిచేయలేదు.

పందిరి మీద ప్లాస్టిక్ కప్పు వేస్తే కొంత రక్షణ ఉంటుంది. కానీ ఆ ఖర్చు చిన్న రైతుకు అందేది కాదు. వాతావరణ బీమా ఉంది, అయితే అది లెక్క చూసేది ఆ ప్రాంత వాతావరణ కేంద్రంలో నమోదైన వాననే, తోటలో కురిసిన దాన్ని కాదు. పెద్ద రైతులు తోటను ముక్కలు చేసి కొన్ని రోజుల తేడాతో కత్తిరిస్తారు. ఒక ముక్క పోయినా ఇంకోటి దక్కుతుందని. ఎకరం రైతుకు ఆ వెసులుబాటూ లేదు. పేఠ్, సురగాణాల నుంచి వచ్చే కూలీల ముఠా అంత చిన్న తోట కోసం మూడుసార్లు రాదు.