పరుల ముక్కలపై పైపందెం

కోడిపందేల బరివద్ద పైపందెం ఇద్దరు చూపరుల మధ్య సాగుతుంది. మకావు జూదశాలల్లో బ్లాక్‌జాక్ ఆడేవాని వెనుక నిలబడి, అతని ముక్కలపై సొమ్ము కాసేవారికి మాత్రం ప్రత్యర్థి జూదశాలే. మరి ఈ పద్ధతిలో దానిని ఓడించవచ్చునా?

ఆటగాడు ముందుగా ఆడవలసి ఉండటమే జూదశాలకు బలం. అతని మొత్తం 21 దాటితే పందెం అప్పుడే పోతుంది. పిదప పంచేవాడు 21 దాటినా ఆ సొమ్ము తిరిగి రాదు. మంచి నిబంధనలున్న బల్లపై, పొరపాటు లేకుండా ఆడినా జూదశాలకు సుమారు అర శాతం మొగ్గు ఉంటుంది. అనగా 1000 రూపాయల పందేనికి సగటున 5 రూపాయల నష్టం. ఆడేవాడు అసమర్థుడైతే, వెనుక కాసినవాడు అతని తప్పులకు కూడా మూల్యం చెల్లిస్తాడు. వరుసగా గెలుస్తున్నవానిని ఆశ్రయించినా ఫలితం లేదు. గడచిన గెలుపులు రాబోయే ముక్కను నిర్ణయించవు.

మినహాయింపు ఒకటున్నది. వెలువడిన ముక్కలను లెక్కించే పద్ధతిని ఎడ్వర్డ్ థార్ప్ 1962లో తన గ్రంథంలో వివరించారు. పదులు, ఆసులు అధికంగా మిగిలిన వేళ మొగ్గు ఆటగాని వైపు తిరగవచ్చు. లెక్క తెలిసినవాడు ఆ వేళలోనే, సమర్థుని వెనుక కాస్తే లాభానికి అవకాశముంది. ఎప్పటికప్పుడు ముక్కలను కలిపే యంత్రమున్నచోట ఆ దారీ మూసుకుపోతుంది. గెలిపించగలిగేది లెక్కే గాని, ఎదుటివాని అదృష్టం కాదు.